ఆఫీసుకు రమ్మనే మెయిల్, హెచ్‌-1బి కాగితాలు, 60 రోజుల లెక్క

‘ఫలానా తేదీ నుంచి వారానికి ఐదు రోజులు ఆఫీసుకు రావాలి’ అనే మెయిల్ అమెరికన్ సిటిజన్‌కి వస్తే అతను చూసుకోవాల్సింది అద్దె, ప్రయాణం, పిల్లల బడి. అదే మెయిల్ హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీద ఉన్న మనవాళ్లకి వస్తే వీటన్నిటికంటే ముందు స్టేటస్ (దేశంలో ఉండి పనిచేసే అనుమతి) సంగతి చూసుకోవాలి. హెచ్‌-1బి అనుమతి ఒక కంపెనీకి, ఒక ఉద్యోగానికి, ఒక చోటుకి ముడిపడి ఉంటుంది. కంపెనీ మారితే కొత్త పిటిషన్ వేయాలని అందరికీ తెలుసు. చోటు మారినా వేయాల్సి రావచ్చన్నది చాలామందికి గుర్తుండదు. ఆఫీసుకు రమ్మనే ఆదేశం మార్చేది సరిగ్గా ఆ చోటునే.

గత రెండేళ్లలో ఇది చిన్న విషయంగా మిగల్లేదు. హెచ్‌-1బి ఆమోదాల్లో అందరికంటే ముందుండే అమెజాన్ 2025 జనవరి 2 నుంచి కార్పొరేట్ ఉద్యోగులని ఐదు రోజులూ రమ్మంది. ఆఫీసుకి గంట ప్రయాణం లోపు ఉన్నవాళ్లంతా రోజూ రావాలని డెల్ 2025 మార్చి నుంచి పెట్టింది. సియాటిల్ చుట్టుపక్కల ఆఫీసుకి 50 మైళ్ల లోపు ఉన్నవాళ్లు వారానికి మూడు రోజులు రావాలని మైక్రోసాఫ్ట్ 2025 సెప్టెంబరులో చెప్పింది. ఇదే కాలంలో మైక్రోసాఫ్ట్ 2025 జులైలో దాదాపు 9,000 మందిని, అమెజాన్ అక్టోబరులో దాదాపు 14,000 మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించాయి. రమ్మనడం, తీసేయడం ఒకే ఏడాదిలో నడుస్తున్నప్పుడు ‘రాను’ అన్న మాటకి కంపెనీ రికార్డులో ఏ పేరు పడుతుందో ఆలోచించాలి. చాలా చోట్ల ఆ పేరు ‘స్వచ్ఛంద రాజీనామా’. ఆ రెండు మాటలు హెచ్‌-1బి వాళ్లకి ఎంత ఖరీదైనవో ముందుకెళ్లే కొద్దీ తెలుస్తుంది.

ముందు తీయాల్సిన కాగితాలు

మేనేజరుకి జవాబు రాసే ముందు మూడు కాగితాలు బయటికి తీయండి. ఒకటి ఐ-797 ఆమోదపత్రం. రెండోది ఐ-94, అంటే దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు. మూడోది, ఎక్కువమంది దగ్గర లేనిది, ఎల్‌సీఏ (లేబర్ కండిషన్ అప్లికేషన్). కార్మిక శాఖ ధ్రువీకరించిన ఈ ఎల్‌సీఏ మీదే మీ హెచ్‌-1బి నిలబడి ఉంటుంది. మీరు ఏ చిరునామాలో పనిచేస్తారో, ఆ ప్రాంతంలో ఆ పనికి ఇవ్వాల్సిన కనీస జీతం ఎంతో అందులోనే రాసి ఉంటుంది. ఉద్యోగంలో చేరే రోజుకల్లా దాని కాపీ కంపెనీ మీకివ్వాలని నిబంధన ఉంది. ఇవ్వకపోతే హెచ్‌ఆర్‌ని అడగండి, ఇది మొహమాటపడే విషయం కాదు.

ఇప్పుడు మూడు చిరునామాలు పక్కపక్కన రాసుకోండి: ఎల్‌సీఏలో ఉన్నది, మీరు ఇవాళ నిజంగా కూర్చుని పనిచేస్తున్నది, కంపెనీ రమ్మంటున్నది. ఈ మూడూ ఒకే మెట్రోపాలిటన్ ప్రాంతంలో ఉంటే కొత్త పిటిషన్ అక్కర్లేదు. కొత్త చోట ఎల్‌సీఏ నోటీసు పెడితే సరిపోతుంది, ఆ పని కంపెనీది. ఫ్రిస్కోలో ఇంటినుంచి చేసేవాళ్లని అర్వింగ్ ఆఫీసుకి రమ్మంటే అదంతా డల్లాస్-ఫోర్ట్‌వర్త్ ప్రాంతమే. ఎడిసన్‌లో ఉండేవాళ్లని మన్‌హాటన్ రమ్మంటే నది దాటి రాష్ట్రం మారినా, మిడిల్‌సెక్స్ కౌంటీ న్యూయార్క్ మెట్రో ప్రాంతంలోదే కాబట్టి పిటిషన్ మారదు. పన్నుల లెక్క మారుతుంది, అది వేరే సంగతి.

దూరం చూసి మోసపోకూడదు. ఫ్రీమాంట్, సన్నీవేల్ మధ్య ట్రాఫిక్ లేకపోతే అరగంట. కానీ ఫ్రీమాంట్ అలమేడా కౌంటీలో ఉంది, అది శాన్‌ఫ్రాన్సిస్కో మెట్రో ప్రాంతం కిందికి వస్తుంది. సన్నీవేల్ శాన్‌హోసే ప్రాంతం. ప్లెయిన్స్‌బరో న్యూయార్క్ ప్రాంతంలో ఉంటే పక్కనే ఉన్న వెస్ట్ విండ్సర్ మెర్సర్ కౌంటీలో, అంటే ట్రెంటన్-ప్రిన్స్‌టన్ ప్రాంతంలో ఉంది. మామూలుగా రోజూ వెళ్లి రాగలిగిన దూరమైతే గీత దాటినా ఒకే ప్రాంతంగా వాదించే వీలు నిబంధనల్లో ఉంది గానీ, ఆ వాదన మీద ఆధారపడాలా లేక రెండు చిరునామాలూ పెట్టి పిటిషన్ సవరించాలా అన్నది కంపెనీ లాయరు కాగితం మీద చెప్పాలి. ఫోన్లో మేనేజర్ ‘దగ్గరేగా, ఏం కాదు’ అంటే దానికి విలువ లేదు.

ప్రాంతం మారితే

షార్లెట్‌లో ఇంటినుంచి చేస్తున్నవాళ్లని సియాటిల్ రమ్మన్నారనుకోండి. 2015 ఏప్రిల్‌లో సిమియో సొల్యూషన్స్ కేసులో వచ్చిన నిర్ణయం ప్రకారం ఎల్‌సీఏ ప్రాంతం దాటి పనిచోటు మారితే సవరించిన హెచ్‌-1బి పిటిషన్ వేయాలి. 2025 జనవరి 17 నుంచి ఇది నిబంధనల్లోకే ఎక్కింది. క్రమం ముఖ్యం: ముందు కొత్త ప్రాంతానికి ఎల్‌సీఏ, అది రావడానికి ఏడు పనిదినాలు, తర్వాత సవరణ పిటిషన్, అది యూఎస్‌సీఐఎస్‌కి (ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థకి) అందాక కొత్త చోట పని. ఆమోదం వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు. పిటిషన్ అందకముందే కొత్త ఆఫీసులో బ్యాడ్జ్ కొట్టి కూర్చోవడం తప్పు. బ్యాడ్జ్ రికార్డు తేదీలతో సహా ఉంటుంది కాబట్టి ఆ తప్పు దాగదు కూడా.

‘ఏడాదికి 30 పనిదినాల వరకు వేరే చోట పని చేయొచ్చు కదా’ అని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. ఆ వెసులుబాటు తాత్కాలిక పని కోసం ఉంది. తిండి, బస, ప్రయాణం ఖర్చులు కంపెనీ భరించాలి. ఆ ప్రాంతంలో అదే పనికి కంపెనీకి అప్పటికే ఎల్‌సీఏ ఉంటే అది వర్తించదు. పెద్ద కంపెనీ తన ప్రధాన ఆఫీసుకి శాశ్వతంగా రమ్మంటుంటే ఈ దారి మూసుకున్నట్టే.

అందుకని మెయిల్‌కి జవాబులో మూడు ముక్కలుంటే చాలు. మొదటిది, ‘కంపెనీ ఆదేశాన్ని పాటించడానికి నేను సిద్ధం’. రెండోది, ‘నా హెచ్‌-1బి ఫలానా ప్రాంతానికి ఆమోదమై ఉంది, కొత్త చోట చేరే తేదీకి ముందే సవరణ పిటిషన్ దాఖలవుతుందని ఇమ్మిగ్రేషన్ టీమ్ నిర్ధారించాలి’. మూడోది, ‘అంతవరకు ఇప్పుడున్న చోటినుంచే పని కొనసాగిస్తాను’. ఇందులో ధిక్కారం ఏమీ లేదు. ఆలస్యం మీవల్ల జరగలేదని మాత్రం రికార్డులో ఉంటుంది. రేపు ఎవరైనా ‘రాలేదు’ అని రాస్తే ఈ మెయిల్ మీ పక్షాన నిలుస్తుంది. కంపెనీ నిబంధనలు ఒప్పుకునే మేరకు ఇలాంటి మెయిల్స్ తేదీలు, సారాంశం సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి. లాప్‌టాప్ లాక్ అయిన రోజున ఇన్‌బాక్స్ ఉండదు.

జీతం మాట ఇక్కడే వస్తుంది. ఎల్‌సీఏలో కనీస జీతం ప్రాంతాన్ని బట్టి, ఉద్యోగ స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా ఉంటుంది. తక్కువ ఖర్చు ఊరినుంచి సియాటిల్‌కో బే ఏరియాకో పిలిస్తే అక్కడి మెట్టు మీ ప్రస్తుత జీతం కంటే ఎక్కువగా ఉండొచ్చు. అప్పుడు కంపెనీ జీతం పెంచకుండా పిటిషన్ వేయలేదు. కార్మిక శాఖ ఈ అంకెల్ని అందరికీ కనబడేలా పెడుతుంది. ఉద్యోగ కోడ్, కౌంటీ తెలిస్తే ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు. ఇంటి అద్దె గురించి బతిమాలుకునే బదులు ఈ అంకె పెట్టి మాట్లాడటం మేలు.

రాలేని కారణం ఆరోగ్యమైతే దారి వేరు. వైకల్యం, దీర్ఘకాలిక జబ్బు ఉన్నవాళ్లకి 1990 నాటి వికలాంగుల చట్టం, గర్భిణులకి, బాలింతలకి 2023 జూన్ నుంచి అమల్లో ఉన్న గర్భిణుల చట్టం కింద వెసులుబాటు అడిగే హక్కు ఉంది. వీసా ఏదైనా ఆ హక్కు ఉంటుంది. డాక్టరు లేఖతో హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా అడగాలి. మేనేజరుకి నోటిమాటగా చెప్పి ఊరుకుంటే అడగనట్టే లెక్క. ఇంటినుంచి పని దొరికినా, ఆ ఇంటి చిరునామా ఎల్‌సీఏ ప్రాంతంలోనే ఉండాలన్నది మాత్రం మారదు.

గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్లకి

హెచ్‌-1బి సవరణ కొన్ని వారాల పని. గ్రీన్ కార్డు దెబ్బ తింటే ఏళ్లు పోతాయి. గ్రీన్ కార్డుకి మొదటి మెట్టయిన పెర్మ్ (కార్మిక శాఖ ధ్రువీకరణ) కూడా ఒక ప్రాంతానికి కట్టుబడే ఉంటుంది. ఉద్యోగం ఆ ప్రాంతం దాటిపోతే అదే కంపెనీలో ఉన్నా, ఆ పెర్మ్ మీద గ్రీన్ కార్డు పూర్తిచేయడం కుదరకపోవచ్చు, మళ్లీ మొదటినుంచి వేయాల్సి రావచ్చు. పెర్మ్ తర్వాత కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదమై ఉంటే ప్రయారిటీ డేట్ (క్యూలో మీ స్థానం చెప్పే తేదీ) మీ దగ్గరే ఉంటుంది, అది పోదు. ఐ-140 ఇంకా రానివాళ్లు మాత్రం ఊరు మారడానికి ఒప్పుకునే ముందు ‘నా పెర్మ్ సంగతేంటి’ అని తప్పకుండా అడగాలి.

లేఆఫ్‌లు ఈ లెక్కలో ఇంకో ముడి వేస్తాయి. ఒక కంపెనీ గత ఆరు నెలల్లో అదే ప్రాంతంలో అదే తరహా ఉద్యోగాల్లో మనుషుల్ని తీసేస్తే, కొత్త పెర్మ్ వేసేముందు ఆ తీసేసిన అమెరికన్ ఉద్యోగులకి సమాచారమిచ్చి, వాళ్లని పరిశీలించాలి. ఆ తలనొప్పి పడలేక చాలా కంపెనీలు లేఆఫ్ తర్వాత పెర్మ్‌లు ఆపేస్తాయి. హెచ్‌-1బిలో ఐదో ఏడాది నడుస్తున్నవాళ్లకి ఇది ప్రాణసంకటం. హెచ్‌-1బికి ఉన్న ఆరేళ్ల పరిమితి దాటి పొడిగింపు కావాలంటే పెర్మ్ దాఖలై 365 రోజులు గడవాలి, లేదా ఐ-140 ఆమోదమై ఉండాలి. కంపెనీ ‘పెర్మ్ కొన్నాళ్లు ఆపాం’ అన్న రోజునే మీ ఆరేళ్ల తేదీ క్యాలెండర్‌లో ఎక్కడుందో చూసుకుని, ఆగితే సరిపోతుందా, కంపెనీ మారాలా అని తేల్చుకోవాలి. అక్కడ గడిచిపోయిన నెలల్ని ఎవరూ వెనక్కి ఇవ్వరు.

ఐ-140 ఆమోదమై 180 రోజులు దాటితే కంపెనీ వెనక్కి తీసుకున్నా, హెచ్‌-1బి పొడిగింపులకి అది పనికొస్తుంది. చాలా కంపెనీలు ఐ-140 కాపీ ఇవ్వవు. కనీసం రసీదు నంబరు, ప్రయారిటీ డేట్ ఉద్యోగంలో ఉండగానే రాసి పెట్టుకోండి. కాపీ కోసం యూఎస్‌సీఐఎస్‌కి సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, కానీ దానికి సమయం పడుతుంది.

ఎల్‌సీఏలో లేని చోట ఉన్నవాళ్లు

2020 తర్వాత చాలామంది అద్దె తక్కువనో, బంధువులు దగ్గరనో వేరే రాష్ట్రానికి మారి, కంపెనీకి పాత చిరునామాయే ఉంచేశారు. ఆఫీసుకు రమ్మనే ఆదేశంతో ఈ విషయం బయటపడుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోలేం: సవరణ లేకుండా వేరే ప్రాంతంలో పనిచేయడం హెచ్‌-1బి షరతుల్ని దాటడమే. యూఎస్‌సీఐఎస్ అధికారులు పనిచోటుకి తనిఖీకి రావొచ్చు, ఇంటినుంచి పనిచేస్తుంటే ఆ ఇంటికీ రావొచ్చు; సహకరించకపోతే పిటిషన్ రద్దవ్వొచ్చని 2025 జనవరి నుంచి నిబంధన స్పష్టంగా చెబుతోంది.

ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు ముందు సొంత లాయరుతో మాట్లాడాలి. కంపెనీ లాయరు మొదట కంపెనీ ప్రయోజనం చూస్తారు. మీకు మంచివాడిగా కనిపించినా మీరు చెప్పింది హెచ్‌ఆర్‌కి చేరుతుందనే అనుకోండి. ఒక గంట సలహాకి పెట్టే ఖర్చు ఇక్కడ దండగ కాదు. పాత చిరునామా మీద తేదీలు వెనక్కి వేసిన అద్దె ఒప్పందాలు సృష్టించమని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషికి దూరంగా ఉండండి. చిరునామా లోపాన్ని సరిదిద్దుకునే వీలు ఉండొచ్చు, దొంగ కాగితం మాత్రం జీవితాంతం వెంటాడుతుంది.

ఇల్లు మారిన 10 రోజుల్లో చిరునామా మార్పు ఫారం ఏఆర్-11 పెట్టాలి, భార్యాపిల్లలకి కూడా. ఆన్‌లైన్‌లో డబ్బు లేకుండా అయ్యే పని ఇది.

కన్సల్టెన్సీల ద్వారా పనిచేసేవాళ్లు

వీళ్ల ఇబ్బంది రెండింతలు. ఆఫీసుకు రమ్మనేది క్లయింట్, పిటిషన్ వేసింది కన్సల్టెన్సీ, మధ్యలో ఒకరో ఇద్దరో వెండర్లు. క్లయింట్ మేనేజర్ సోమవారం నుంచి రమ్మంటాడు, సవరణ వేయాల్సిన యజమానికి ఆ కబురు బుధవారం చేరుతుంది. క్లయింట్ చెప్పిన రోజే మీ యజమానికి మెయిల్ పెట్టండి, ఫోన్ కాదు. వెళ్లలేక ప్రాజెక్టు పోతే బెంచ్ మీద పడతారు.

బెంచ్ విషయంలో చట్టం మీ పక్షాన చాలా గట్టిగా ఉంది. ప్రాజెక్టు లేదని, లైసెన్స్ రాలేదని హెచ్‌-1బి ఉద్యోగికి జీతం ఆపడానికి వీల్లేదు. ఎల్‌సీఏలో రాసిన జీతం ఇస్తూనే ఉండాలి, లేదా ఉద్యోగం నుంచి పద్ధతిగా తీసేయాలి: మీకు చెప్పి, యూఎస్‌సీఐఎస్‌కి తెలియజేసి, తిరుగు ప్రయాణ ఖర్చు ఇవ్వజూపి. ఈ మూడూ చేయకపోతే జీతం బకాయి పెరుగుతూనే ఉంటుందని కార్మిక శాఖ తీర్పులు చెబుతున్నాయి. ఫిర్యాదుకి డబ్ల్యుహెచ్-4 ఫారం ఉంది, ఉల్లంఘన జరిగిన 12 నెలల లోపు ఇవ్వాలి. సొంత కారణాలతో మీరే సెలవు అడిగితే మాత్రం జీతం ఇవ్వక్కర్లేదు. అందుకే కొన్ని కన్సల్టెన్సీలు ‘వ్యక్తిగత పనిమీద సెలవు’ అని మీ చేత మెయిల్ పెట్టించుకోవాలని చూస్తాయి. నిజం కాకపోతే ఆ మెయిల్ పెట్టకండి.

మీ డబ్బే యజమానికి పంపి, పన్ను కట్టి, దాన్నే జీతంగా వెనక్కి తెచ్చుకునే పద్ధతి మనవాళ్లలో ‘పేరోల్ రన్ చేయించుకోవడం’ అని మామూలు మాటైపోయింది. ఇది మోసం కిందికే వస్తుంది. ఆ పే స్టబ్‌లు పెట్టి వేసిన తర్వాతి పిటిషన్లన్నీ దాని మీదే నిలబడి ఉంటాయి. ఈ పని చేయించే యజమాని దొరికిపోయిన రోజున ముందుగా నష్టపోయేది ఉద్యోగే. ఇలా పే స్టబ్‌లు కొనుక్కోవడం కంటే ఉద్యోగం పోయాక దొరికే 60 రోజుల గడువులో నిజాయితీగా వెతుక్కోవడం ఎన్నో రెట్లు నయం.

ఉద్యోగం పోతే: తేదీ

2017 జనవరి నుంచి హెచ్‌-1బి వాళ్లకి ఉద్యోగం పోయాక 60 రోజుల వరకు గడువు ఉంది. తీసేసినా, మీరే మానేసినా అది వర్తిస్తుంది. ఇవి క్యాలెండర్ రోజులు, శని ఆదివారాలు కూడా కలిపి. మామూలుగా జీతం అందిన చివరి రోజు మర్నాటి నుంచి లెక్క మొదలవుతుంది. మార్చి 10 చివరి రోజైతే మే 9తో 60 రోజులు నిండుతాయి.

ఐ-94 అంతకంటే ముందే అయిపోతే గడువు అక్కడితోనే ఆగుతుంది. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. పాస్‌పోర్ట్ గడువు దగ్గర పడ్డప్పుడు ఇండియా వెళ్లివస్తే, ఎయిర్‌పోర్టులో ఐ-94ని పాస్‌పోర్ట్ తేదీ వరకే ఇస్తారు. ఐ-797 మీద ఇంకో రెండేళ్లు ఉన్నా, ఐ-94 వచ్చే నెలలో అయిపోవచ్చు. మీది, కుటుంబంలో అందరిదీ సీబీపీ (సరిహద్దు తనిఖీ సంస్థ) వెబ్‌సైట్‌లో ఇవాళే చూసుకోండి. గడువులో ఉండగా దేశం దాటితే గడువు ముగిసినట్టే. ఆ 60 రోజుల్లో ఏ పనీ చేయకూడదు, ఇండియాలోని స్నేహితుడి స్టార్టప్‌కి ఇక్కడ కూర్చుని డబ్బు తీసుకుని చేసే పని కూడా.

సెవరెన్స్, అంటే తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, గడువుని పెంచదు. 16 వారాల జీతం ఒకేసారి ఇచ్చినా గడియారం ఉద్యోగం ముగిసిన రోజు నుంచే నడుస్తుంది. పని లేకుండా పేరోల్‌లో ఉంచే నోటీసు కాలం సంగతి వేరు. పెద్ద లేఆఫ్‌లలో వార్న్ చట్టం కింద 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి చాలా కంపెనీలు ఆ కాలమంతా పేరోల్‌లో ఉంచి జీతం ఇస్తాయి. పని చేయకుండా జీతం అందుకుంటున్న ఆ రోజుల్లో స్టేటస్ ఉన్నట్టేనా అన్నదాని మీద లాయర్ల మధ్య పూర్తి ఏకాభిప్రాయం లేదు, కానీ చివరి జీతపు రోజు నుంచే లెక్క అన్నది యూఎస్‌సీఐఎస్ మామూలుగా చూసే పద్ధతి. అందుకని హెచ్‌ఆర్‌తో మాట్లాడే మొదటి ఫోన్‌లోనే రెండు అడగండి: ఉద్యోగం అధికారికంగా ముగిసే తేదీ రాతపూర్వకంగా ఇవ్వమని, సెవరెన్స్‌లో కొంత తగ్గించైనా ఆ తేదీని ఇంకొన్నాళ్లు తర్వాతికి జరపగలరా అని. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి. ఒకేసారి వచ్చే డబ్బు కంటే పేరోల్‌లో ఇంకో నాలుగు వారాలు హెచ్‌-1బి వాళ్లకి ఎక్కువ విలువైనవి.

ఇప్పుడు ఆ మార్చి 10 లెక్కనే వెనక్కి నడిపిద్దాం. కొత్త కంపెనీ పిటిషన్ మే 9 లోపు యూఎస్‌సీఐఎస్‌కి అందాలి, పోస్ట్ చేయడం కాదు. ఎల్‌సీఏకి ఏడు పనిదినాలు, అంటే వారాంతాలతో కలిపి తొమ్మిది, పది రోజులు. మొదటిసారి హెచ్‌-1బి వేసే చిన్న కంపెనీ అయితే దాని పన్ను నంబరు నిర్ధారణకి ఇంకొన్ని రోజులు. డిగ్రీ మూల్యాంకనం, పాత కంపెనీ అనుభవ లేఖలు, సంతకాలు, కొరియర్. ఇవన్నీ తీసేస్తే ఏప్రిల్ నడిమికల్లా ఆఫర్ లెటర్ చేతిలో ఉండాలి. 60 రోజుల్లో ఉద్యోగం వెతకడానికి నిజంగా మిగిలేది దాదాపు 35 రోజులు. అందుకే డిగ్రీ మూల్యాంకనం, ఐ-797లన్నీ, చివరి మూడు పే స్టబ్‌లు, డబ్ల్యు-2లు (ఏడాది జీతం, పన్ను చూపే పత్రాలు), పాస్‌పోర్ట్ పేజీలు ఒక ఫోల్డర్‌లో ఉద్యోగం ఉండగానే పెట్టుకోవాలి. పిటిషన్ అందగానే కొత్తచోట పని మొదలుపెట్టొచ్చు. ప్రీమియం రుసుము కడితే 15 పనిదినాల్లో నిర్ణయం వస్తుంది తప్ప, దాఖలు తేదీ ముందుకు రాదు.

ఉద్యోగం దొరక్కపోతే

జీవిత భాగస్వామికి హెచ్‌-1బి ఉంటే అన్నిటికంటే శుభ్రమైన దారి వాళ్ల మీద ఆధారపడిన హెచ్-4 స్టేటస్‌కి మారడం. స్టేటస్ మార్పు దరఖాస్తు ఐ-539 ఆ 60 రోజుల గడువు లోపు అందాలి. వాళ్ల ఐ-140 ఆమోదమై ఉంటే పని అనుమతికి కూడా దరఖాస్తు చేయొచ్చు. మీ ఆరేళ్లలో మిగిలిన కాలం ఎక్కడికీ పోదు, తర్వాత లాటరీ లేకుండా హెచ్‌-1బికి రావొచ్చు. మీ సొంత ఐ-140 ఆమోదమై, ప్రయారిటీ డేట్ ఇంకా రాకపోతే, తప్పనిసరి పరిస్థితుల కింద ఏడాదికి ఇచ్చే పని అనుమతి గురించి లాయర్‌ని అడగండి. అది తీసుకుని పనిచేస్తే హెచ్‌-1బి స్టేటస్‌లో ఉండరు, ఆ తేడా తెలుసుకునే అడగండి.

బి-2 విజిటర్ స్టేటస్‌కి మారడం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దీన్నే ఉద్యోగం వెతకడానికి దొరికే అదనపు ఆరు నెలలుగా చూస్తున్నారు. ఐ-539 సమయానికి పెడితే, అది తేలేదాకా దేశంలో ఉండటం అక్రమం కాదు. కానీ 60వ రోజు దాటాక వచ్చిన ఆఫర్ మీద పిటిషన్ వేస్తే, అందగానే పనిలో చేరే సౌకర్యం పోతుంది, ఆమోదం రావాలి. ఆ ఆమోదం కూడా పెండింగ్‌లో ఉన్న బి-2 మీద ఆధారపడుతుంది. బి-2 తిరస్కరిస్తే హెచ్‌-1బి పిటిషన్ ఒప్పుకున్నా, స్టేటస్ మార్పు ఇవ్వరు. ఇండియా వెళ్లి కాన్సులేట్‌లో వీసా తెచ్చుకోవాలి.

ఒకప్పుడు ఇది విమానం ఖర్చు, స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ కోసం కాచుకోవడంతో పోయేది. 2025 సెప్టెంబరు 21 తర్వాత అలా లేదు. ఆ తేదీ నుంచి దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్‌-1బి పిటిషన్లకి లక్ష డాలర్ల చెల్లింపు పెట్టారు. దేశంలోనే ఉండి స్టేటస్ మార్పుకో పొడిగింపుకో అర్హులైనవాళ్లకి ఇది వర్తించదని అక్టోబరు 20న యూఎస్‌సీఐఎస్ వివరణ ఇచ్చింది. అదే వివరణలో, దేశంలో ఉన్నా ఆ మార్పుకో పొడిగింపుకో అర్హులు కాదని తేలితే చెల్లింపు వర్తిస్తుందని కూడా ఉంది. అంటే 60వ రోజు దాటడానికీ దాటకపోవడానికీ మధ్య తేడా ఇప్పుడు లక్ష డాలర్లు కావొచ్చు, ఏ మధ్యతరహా కంపెనీ అంత పెట్టదు. ఆ ఆదేశాన్ని మొదట 12 నెలలకే ఇచ్చారు కాబట్టి మీరు దరఖాస్తు చేసే రోజున అది ఏ స్థితిలో ఉందో, మీ పాస్‌పోర్ట్‌లో గడువున్న స్టాంపింగ్ ఉంటే అది మీకెంతవరకు అక్కరకొస్తుందో లాయర్‌ని ఈ ప్రశ్నే సూటిగా అడగాలి. ఇండియా వెళ్లిపోదాం, అక్కడినుంచి వెతుక్కుందాం అని టికెట్లు కొనే ముందు కూడా ఇదే ప్రశ్న.

‘స్వచ్ఛంద రాజీనామా’ ఖరీదు కూడా ఇక్కడే తేలుతుంది. కంపెనీ మిమ్మల్ని హెచ్‌-1బి గడువుకి ముందే తీసేస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణానికి తగిన ఖర్చు ఇవ్వాలి. ఇది ఉద్యోగికి మాత్రమే, కుటుంబానికి కాదు. మీరే మానేస్తే అది లేదు. సెవరెన్స్, నిరుద్యోగ భృతి కూడా సాధారణంగా ఉండవు. ఊరు మారలేమని తేలినప్పుడు రాజీనామా లేఖ రాసివ్వకండి. ‘ఈ తేదీకి మారడం నాకు సాధ్యం కాదు, నేను రాజీనామా చేయడం లేదు’ అని రాసి, నిర్ణయం కంపెనీకి వదలండి.

సెవరెన్స్ ఒప్పందం మీద అదే రోజు సంతకం పెట్టక్కర్లేదు. 40 ఏళ్లు నిండినవాళ్లకి ఆలోచించుకోవడానికి చట్టం 21 రోజులు, గుంపుగా తీసేస్తే 45 రోజులు ఇస్తుంది, సంతకం చేశాక కూడా ఏడు రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. ఆరోగ్య బీమాకి కోబ్రా (పాత కంపెనీ బీమాని సొంత ఖర్చుతో కొనసాగించుకునే వీలు) ఎంచుకోవడానికి 60 రోజుల సమయం ఉంటుంది, ఎంచుకుంటే పాత బీమా ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది. కాబట్టి మొదటి నెల డబ్బు కట్టకుండా ఆగి, ఆసుపత్రి అవసరం పడితే అప్పుడు ఎంచుకోవచ్చు. ఆలస్యంగా ఎంచుకున్నా వెనకటి నెలల ప్రీమియం మొత్తం కట్టాలి, కంపెనీ వాటాతో కలిపి, పైన రెండు శాతం దాకా. ఇంట్లో గర్భిణి ఉంటే, మందులు ఆగకూడని వాళ్లుంటే ఈ ఎదురుచూపు వద్దు.

ఓపీటీ (చదువు అయ్యాక స్టూడెంట్ వీసా మీదే దొరికే పని అనుమతి) మీద ఉన్న పిల్లలకి గడువు లెక్క వేరు. మొత్తం ఓపీటీలో 90 రోజులు, సైన్స్, ఇంజినీరింగ్ లాంటి చదువులవాళ్లకి ఇచ్చే స్టెమ్ పొడిగింపు వచ్చాక అంతకుముందు వాడుకున్నవాటితో కలిపి 150 రోజులు ఉద్యోగం లేకుండా ఉండొచ్చు. ఇవి ఉద్యోగం పోయిన ప్రతిసారీ కొత్తగా మొదలు కావు, పాతవి కూడుతూ పోతాయి. స్టెమ్ ఓపీటీలో ఉన్నవాళ్లని ఆఫీసుకి పిలిచి పనిచోటు మారినా, కంపెనీ మారినా 10 రోజుల్లో కాలేజీ డీఎస్‌వోకి (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి) చెప్పాలి. కంపెనీ మారితే కొత్త ఐ-983 (శిక్షణ ప్రణాళిక ఫారం) ఇవ్వాలి, అదే కంపెనీలో పనిచోటు మారితే ఉన్న ఐ-983ని సవరించాలా అని డీఎస్‌వోనే అడగాలి. ఆ మెయిల్‌కి డీఎస్‌వో ఇచ్చిన జవాబుని కూడా హెచ్‌-1బి ఫోల్డర్‌లోనే పెట్టుకోవాలి, ఎందుకంటే ఓపీటీ రోజుల్లో ఎక్కడ పనిచేశారని రేపు హెచ్‌-1బి పిటిషన్ మీద ప్రశ్న వస్తే అడిగేది ఆ కాగితాన్నే.